ఆమె పేపరు, నా నోరు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. ఉన్న ఒకరిద్దరూ మంచివాళ్లు కాబట్టి మరిచిపోయినట్టు నటిస్తారు. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం హాలు నిండా సాక్షులున్నారు. వాళ్లలో ప్రొఫెసర్లున్నారు, పరిశోధన చేసే పిల్లలున్నారు, ఖాళీ టీ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయిన క్యాంటీన్ ఆయన కూడా ఉన్నాడు. వాళ్లందరి ముందు, ఎవరూ పిలవకుండా, ఎవరూ తోయకుండా, నా అంతట నేనే లేచి నిలబడి నా పరువును మైకు అవసరం లేకుండా చివరి వరుస దాకా చేరవేశాను. కాస్త సర్దుకుని కూర్చోండి, మొదటి నుంచీ చెబుతాను.

అప్పటికి నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌ని. కాంట్రాక్టు లెక్చరర్‌ని అనాలి, ఆ మాట దాచి లాభం లేదు. మా వైపు ఎండాకాలం ఎవరినైనా వేపుతుంది. కాంట్రాక్టు మనిషిని మాత్రం దోసెలాగా తిప్పి రెండో వైపు కూడా వేపుతుంది, ఎందుకంటే రెన్యూవల్ సంగతి తేలేది అప్పుడే.

మా ప్రిన్సిపాల్ గారి నాన్నగారు ఎప్పుడో కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈయన ఇక్కడే పుట్టి పెరిగినా మాట మాత్రం ఇంకా గుంటూరులోనే ఉండిపోయింది. ఒకరోజు నన్ను గదికి పిలిచారు.

"చూడండి సదానందం గారూ, ఈసారి ఏదన్నా కాన్ఫరెన్సులో పేపరు చదివినవాళ్లకే రెన్యూవల్ అంటున్నారు మేనేజ్‌మెంటు వాళ్లు. ఇదిగో, హైదరాబాదు యూనివర్సిటీలో ఏదో జరుగుతోందట. కమ్యూనికేషన్, పవర్ అని. పవరంటే మనకి తెలిసిన సబ్జెక్టే కదండీ. కిటికీ తీస్తే చిమ్నీలే కనపడతాయి."

"సార్, ఆ పవర్ కాదు సార్. అధికారం. ఎవరు మాట్లాడతారు, ఎవరు వింటారు, ఎవరి మాట చెల్లుతుంది, అట్లాంటివి."

"అంటే కరెంటు లేదా అందులో?"

"లేదు సార్."

"అయితే మీ ఇష్టం," అన్నారు కొంచెం నిరాశగా. రామగుండం థర్మల్ స్టేషన్ పక్కనే ఉండి కరెంటు లేని పవర్ గురించి ఎవరైనా మాట్లాడతారని ఆయన అనుకోలేదు.

ముందు ఒక ప్రతిపాదన పంపాలి, అది నచ్చితే వాళ్లు పిలుస్తారు, అప్పుడు వెళ్లి పేపరు చదవాలి. తెలుగులో కూడా పంపవచ్చు. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా నా బుర్రలో ఒకటి కాదు, రెండు ఆలోచనలు పుట్టడం. నా బుర్రకు ఆ అలవాటు లేదు. చాలాకాలం పిల్లలు లేని ఇంట్లో కవలలు పుట్టినట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాను.

మొదటిది బరువైనది. దాని పేరు "రాజశాసనాల భాషలో ఆజ్ఞార్థక క్రియల అధికార స్వరూపం." చదువుతుంటే నాకే భయమేసేది. అంత భయపెడుతోందంటే గొప్పగా ఉందనే అర్థం చేసుకున్నాను.

రెండోది మా ఇంట్లో అన్నం తింటుంటే పుట్టింది.

నా భార్య స్వరూప దవాఖానలో నర్సు. ఓపీలో డాక్టరు గది దగ్గర కూర్చుని పేర్లు పిలవడం, బీపీ చూడడం, ఒక్కొక్కరినే లోపలికి తీసుకెళ్లడం ఆమె డ్యూటీ. రోజూ అన్నం దగ్గర అక్కడి సంగతులు చెబుతుంది. గొంతు పెంచదు, చేతులు ఊపదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెబుతుంది. వినేవాడికి ముద్ద దిగదు.

"ఇయ్యాల ఒకామె వచ్చింది," అంటుంది. "డాక్టరమ్మ ఆమెను 'ఎక్కడ నొప్పి' అని అడిగింది. పక్కన మొగుడు 'నడుముల మేడం' అన్నడు. 'ఎప్పుడెక్కువైతది' అంటే 'పొద్దుగూకినంక మేడం' అన్నడు. 'మంటగున్నదా, గుంజినట్టున్నదా' అని అడిగింది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. పెండ్లాం దిక్కు తిరిగి 'ఎట్లున్నదే' అన్నడు. హమ్మయ్య, ఒక్క ప్రశ్నకన్న ఈమెకు వంతు వచ్చింది అనుకున్న. ఆమె నోరు తెరిచే లోపట్నే 'గుంజినట్టే మేడం' అన్నడు."

ఇంకోసారి గనిలో పనిచేసేవాళ్ల గురించి చెప్పింది. దగ్గు ఉన్నా లేదంటారట, డ్యూటీకి పోనియ్యరేమోనని. అప్పుడు భార్యలే అందుకుని అంతా చెబుతారట. "గక్కడ ఆడోళ్లు చెప్తేనే నయం. లేకుంటే మొగోళ్లు ఛాతి మీద చెయ్యి పెట్టుకోని గూడ మోకాలు నొప్పి అంటరు."

ఆమె చెప్పినవాటిలో నన్ను బాగా నవ్వించింది మాత్రం వేరేది. ఒకాయన కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న భార్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆమెను నోరు తెరవనివ్వకుండా, "పెద్దగేం లేదు సార్, గ్యాసు" అన్నాడట. తీరా చూస్తే అపెండిసైటిస్. ఆపరేషన్ దాకా పోయిందట.

నేను పొలమారేలా నవ్వాను. "ఎవడు వాడు? అంత మూర్ఖుడు ఉంటడా?"

స్వరూప నా వంక కాసేపు చూసి, "మజ్జిగ పోసుకో," అంది.

ఆ సంగతులన్నీ చేర్చి రెండో ప్రతిపాదన రాశాను. "నొప్పి ఒకరిది, జవాబు ఒకరిది." అపెండిసైటిస్ కథను మొట్టమొదట పెట్టాను. మొదటి వాక్యంలోనే చదివేవాళ్లను పట్టుకోవాలని నా విద్యార్థులకు నేనే చెబుతాను కదా.

పంపడానికి మా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే రఫీక్ భాయ్ దగ్గర కూర్చున్నాను. ఆయన నా మొదటి పేపరు పేరు చదివి ఆగాడు.

"భాయ్, దీంట్ల భాభీ పేరు ఎందుకు పెట్టినవ్?"

"ఎక్కడ?"

"గిదేంది, అధికార స్వరూపం."

"అది మీ భాభీ కాదు రఫీక్ భాయ్. స్వరూపం అంటే రూపం, తీరు."

"అధికారం అని గూడ ఉన్నది గద, భాభీనే అనుకున్న," అన్నాడు నవ్వకుండానే.

మొదటిది సాఫీగా పోయింది. రెండోదాన్ని యంత్రం ఒప్పుకోలేదు. ఒక మనిషికి ఒకే ప్రతిపాదన అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అక్కడే, ఆ ఎర్ర అక్షరాల ముందే, నేను ఆగిపోయి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ నాకు తెలివి వచ్చింది. నాకు తెలివి వచ్చిన ప్రతిసారీ మా ఇంటిల్లిపాదీ జాగ్రత్తపడతారు. ఆ రోజు పక్కన వాళ్లెవరూ లేరు.

"రెండోది స్వరూప పేరు మీద పెట్టు," అన్నాను.

"భాభీని అడిగినవా?"

"ఆ సంగతులు ఆమెవే కదా. పైగా అది సెలెక్ట్ కాదులే. లారీకి స్టెపినీ ఉన్నట్టు, ఉట్టిగ వెనక వేలాడుతది. నడిచేది మొదటిదే."

"ఫోన్ నంబర్ గూడ వేరేది అడుగుతున్నది."

"ఆమెదే పెట్టు."

రఫీక్ భాయ్ నా వైపు చూశాడు. బావి గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసినవాణ్ని చూసినట్టు చూశాడు. "నాకేం ఫికర్ లేదు భాయ్. నువ్వు చెప్పినవ్, నేను నొక్కిన," అని నొక్కాడు.

కొన్నాళ్లకు నా మొదటి ప్రతిపాదనకు జవాబు వచ్చింది. నా కృషిని అభినందిస్తూ, ఈసారికి చోటివ్వలేకపోతున్నామని మర్యాదగా రాశారు. అంత మర్యాదగా నన్ను ఎవరూ బయటికి పంపలేదు. దిగులుగా ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను. స్వరూప కూర వడ్డిస్తూ ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"ఇయ్యాల ఓపీ నిండుగ ఉన్న టైంల హైదరాబాద్ నుంచి ఎవరో పిల్ల ఫోన్ చేసింది. 'మేడం, మీ పేపర్ సెలెక్ట్ అయింది' అన్నది. 'మాకు పేపర్ వద్దమ్మా, వార్తలు ఫోన్లనే సూస్తం' అన్న. 'కాదు మేడం, మీరే వచ్చి పేపర్ ఇవ్వాలి' అన్నది. 'నేను డ్యూటీ మీద ఉన్న, పేపర్లు ఏసుడు నాతోని కాదు' అన్న. అయినా ఇడిసిపెట్టదు. 'భార్యాభర్తల సంభాషణ గురించి రాసింది మీరే కదా' అన్నది. 'తల్లీ, మా ఇంట్ల సంభాషణ మంచిగనే ఉన్నది, నీకెవరు చెప్పిండ్రు' అని పెట్టేసిన."

నేను కంచంలో లేని రాళ్లను ఎంతో శ్రద్ధగా ఏరుతున్నాను.

"నీకేమన్న ఎరుకనా?" అంది.

"నాకేం ఎరుక?"

"కూర కలుపుకోకుంట ఉత్త అన్నం తింటున్నవ్. నీకు ఎరుకనే."

ఇక దాచలేక చెప్పాను. స్టెపినీ మాట ఒక్కటి వదిలేసి మిగతాదంతా చెప్పాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏం రాసినవో చూపియ్," అంది. ఫోన్‌లో తీసి ఇచ్చాను. గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి చదివింది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి స్టీలు గిన్నెలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. మేం ఇద్దరం అలవాటు కొద్దీ కదల్లేదు. కానీ ఆ చప్పుడు నాకు ఆ రోజు వేరేగా వినిపించింది.

"మంచిగ రాసినవ్," అంది చివరికి. "నేను చెప్పినయే. కానీ కింద నా పేరున్నది. నేనెప్పుడు రాసిన?"

"చెప్పింది నువ్వే కదా అని..."

"అడగాలె గద. నేను పక్క అర్రలనే ఉన్న. హైదరాబాద్‌ల లేను."

 ఏదో ఒకటి అనాలని, "మొదటి కథ వాళ్లకు బాగా నచ్చి ఉంటది," అన్నాను.

"గ్యాసు అన్నాయన కథనా?"

"ఆఁ."

"ఆయనెవరో తెలుసా నీకు?"

"నాకెట్ల తెలుస్తది? మీ దవాఖానకు వచ్చినోడు."

స్వరూప ఫోన్ నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. "మా దవాఖానకు రాలేదు. కరీంనగర్‌కు వచ్చిండు. మన పెండ్లయిన కొత్తల."

చదువరీ, మీకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. నాకు మాత్రం ఆమె ఆ ఊరి పేరు చెప్పేదాకా వెలగలేదు. కరీంనగర్, పచ్చ రంగు గోడల ఆసుపత్రి, స్వరూప కడుపు పట్టుకుని బల్ల మీద వంగిపోయి ఉండడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నిజానికి ఆ ఆపరేషన్ గురించి నేను చాలామందికి చెప్పుకున్నాను. మంచం పక్కనే ఎట్లా కూర్చున్నానో, నీళ్లు కూడా తాగకుండా ఎట్లా ఎదురుచూశానో చెప్పుకున్నాను. ఆ కథలో నేను చాలా మంచివాణ్ని. డాక్టరు గదిలో నేనన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.

"నువ్వు పక్కన కూసున్నది నాకు గూడ యాదున్నది," అంది స్వరూప. "ముద్దలు చేసి తినిపించింది గూడ యాదున్నది. అది అబద్ధం గాదు. ఇది గూడ అబద్ధం గాదు."

"నువ్వు నర్సు ట్రైనింగ్ చేసి ఉన్నవ్ కదా. అది గ్యాసు కాదని నీకు తెల్సు కదా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తున్నవ్ గద. ఆగినంక చెప్దామనుకున్న." చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "నువ్వు ఆగలే."

అది చెప్పేటప్పుడు ఆమె కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. ఆ రోజు అన్నం దగ్గర వేరేవాళ్ల కథలాగా చెప్పింది, నేను గుర్తుపడతానేమోనని. నేనేమో ఎవడు వాడు, మూర్ఖుడు అని నవ్వాను. తమను తాము తిట్టుకున్నవాళ్లలో అంత తీరిగ్గా, అంత సంతోషంగా తిట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నేనేమో.

"రేపే వాళ్లకు ఫోన్ చేసి తీసేయమని చెప్తా," అన్నాను.

"మళ్ల నువ్వే చెప్తవా?"

నోరు మూసుకున్నాను.

ఆమె మర్నాడు తనే ఫోన్ చేసింది. రానని చెబుతుందని అనుకున్నాను. "వస్తనమ్మా, కానీ నేను మాట్లాడేటట్టే మాట్లాడుత, పుస్తకాల భాష నాకు రాదు," అంది. వాళ్లు అట్లాగే రమ్మన్నారు. ఫోన్ పెట్టేసి నాకు షరతు చెప్పింది.

"నువ్వు రా. ఒక్కదాన్నే పోలేను, నాకు భయమైతది. కానీ నేను మాట్లాడేటప్పుడు నువ్వు మాట్లాడొద్దు."

"మాట్లాడ."

"తలకాయ గూడ ఊపొద్దు."

"ఊప."

"పెదవులు కదుపుతవ్ నువ్వు, పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు. గది గూడ వద్దు."

అన్నిటికీ ఒప్పుకున్నాను. ఆ క్షణంలో చెట్టెక్కి కూర్చోమన్నా ఒప్పుకునేవాణ్నే.

పేపరు ఆమే తిరగరాసుకుంది. "నేను ఆమెకు సాయం చేశాను" అని ఇక్కడ రాయాలని ఉంది, కానీ నేను చేసిన సాయమంతా "తత్సంబంధిత" అనే మాటను ఒకచోట ఇరికించడం, ఆమె దాన్ని కొట్టేయడం. బట్టలు ఆరేస్తూ ప్రాక్టీసు చేసేది. బొగ్గు దుమ్ము దులపడానికి ప్రతి బట్టనూ ఒకసారి గట్టిగా విదిలించేది, ఆ విదిలింపు దగ్గర వాక్యం ఆగేది. పక్కింటి అవ్వ గోడ మీదుగా అంతా విని, "బిడ్డా, మొగోళ్లను గంతగనం అనకు, పాపం," అంది. "అంటలేను అవ్వా, జరిగిందే చెప్తున్న," అంది స్వరూప. అవ్వ గోడ మీదికి ఇంకొంచెం వంగి, "గట్లయితే ఇంకో రెండు నేను చెప్త, రాసుకో," అంది.

పొద్దున్నే రామగుండం స్టేషన్లో రైలెక్కి హైదరాబాద్ చేరాం. యూనివర్సిటీలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఒక అమ్మాయి స్వరూపకు పెద్ద బ్యాడ్జి ఇచ్చింది. నన్ను చూసి, "మీరు సార్?" అంది.

"ఈమెతో వచ్చాను."

ఆ అమ్మాయి నాకొక చిన్న బ్యాడ్జి తీసి, నా పేరు కూడా అడగకుండా, "తోడు" అని రాసి ఇచ్చింది. నేను దాన్ని చొక్కాకు పెట్టుకుని రోజంతా తిరిగాను. గోదావరిఖనిలో పిల్లలు నన్ను చూడగానే లేచి నిలబడతారు. ఇక్కడ నేను రెండక్షరాల మనిషిని.

మధ్యాహ్నం మా వంతు వచ్చింది. స్వరూప కంటే ముందు మాట్లాడిన ఇద్దరి మాటల్లో నాకు సగం, ఆమెకు పావు అర్థమయ్యాయి. నా పక్కన కూర్చుని ఆమె పేపరును మడుస్తూ విప్పుతూ ఉంది. పేరు పిలవగానే లేచి వెళ్లింది. ఓపీలో ఇన్నేళ్లుగా ఎంతమంది పేర్లో పిలిచిన మనిషి, తన పేరు పిలిపించుకుని నడిచి వెళ్లడం నేను మొదటిసారి చూశాను.

ఆమె మాట్లాడింది. అన్నం దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. నడుము నొప్పి ఆమె కథ చెప్పినప్పుడు ఆడపిల్లలు నవ్వారు. గని కార్మికుల భార్యల కథ చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. కరీంనగర్ కథ చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. పేరూ చెప్పలేదు, ఊరూ చెప్పలేదు. నేను మాత్రం తల ఊపకుండా, పెదవి కదపకుండా, ఫొటో దిగేవాడిలాగా బిగుసుకుని కూర్చున్నాను. మనసులో మాత్రం గర్వంతో ఎగురుతున్నాను.

ఇక అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను. అప్పుడు ముందు వరుసలో ఒక పెద్దాయన లేచారు. సభకు అధ్యక్షురాలిగా ఉన్న మేడం ఆయనకు మైకు ఇప్పించారు.

"చాలా బాగుందమ్మా. ఒక్క ప్రశ్న. ఆ స్త్రీల మౌనాన్ని మీరు నిస్సహాయతగా చూస్తున్నారా, లేక ప్రతిఘటనగా కూడా చూడవచ్చా?"

స్వరూప మాట్లాడలేదు.

హాలంతా ఆమె వైపు చూస్తోంది. ఆమె మైకు కేసి చూస్తోంది. ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. ప్రతిఘటన అనే మాట ఆమెకు కొత్తేమో అనుకున్నాను. పుస్తకాల భాష రాదని ఆమె ముందే చెప్పింది కదా, ఈ పెద్దాయన ఎందుకిట్లా అడిగాడు అనుకున్నాను. ఇంతమందిలో ఒక్కతే నిలబడిపోయింది అనుకున్నాను. అంతే, నా కాళ్లు నన్ను అడక్కుండానే లేచాయి.

"అంటే సార్," అన్నాను, క్లాసులో మాట్లాడే గొంతుతో, "ఆమె ఉద్దేశం ఏంటంటే..."

అధ్యక్షురాలు కళ్లద్దాల పైనుంచి చూశారు. "మీరెవరండీ?"

అప్పటికైనా కూర్చోవచ్చు. ఏదో ఒక పేరు చెప్పవచ్చు. బయటికి పారిపోవచ్చు. నేను మాత్రం నిజం చెప్పాను.

"నేను ఆమె భర్తను."

 చివరి వరుసలో ఎవరో అమ్మాయి పక్కున నవ్వింది. ఆ నవ్వు వరుస వరుసకూ పాకుతూ ముందుకు వచ్చింది, వానలో రేకుల కప్పు మీద చినుకులు మొదలైనట్టు. ప్రశ్న అడిగిన పెద్దాయన మైకు పట్టుకునే కూర్చుండిపోయారు. అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. క్యాంటీన్ ఆయన కప్పుల ట్రేను తలుపుకు ఆనించి పెట్టుకున్నాడు. నేనేం చేశానో నాకింకా పూర్తిగా తెలియలేదు. నేను నా జవాబులో రెండో వాక్యం వెతుక్కుంటున్నాను.

స్వరూప నవ్వు సద్దుమణిగేదాకా ఆగింది. తర్వాత మైకు దగ్గరికి వంగి, పప్పులో ఉప్పు గురించి మాట్లాడే గొంతుతోనే అంది.

"ఇందాక టీ తాగేటప్పుడు, నేను పంపిన కాయితం సదివిన ఒక సారు అడిగిండ్రు, ఈ ఉదాహరణలు ఊహించి రాసినయా, నిజంగ జరిగినయా అని. నిజమే సార్. ఒకటి వెంట తీసుకొచ్చిన."

ఆ తర్వాత లేచిన నవ్వును నేను వర్ణించను. నాకు కొంచెమైనా పరువు మిగలాలి. ఆ నవ్వుల్లోనే ఆమె నా వైపు చూసి మెల్లగా, "కూసో," అంది. మైకులో అంది కాబట్టి మెల్లగా అన్నా అందరికీ వినపడింది. కూర్చున్నాను. చొక్కా మీద బ్యాడ్జి అడ్డంగా తిరిగిపోయి ఉంది.

"ఇగ పెద్దసారు అడిగినదానికి," అని ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "వాళ్ల మౌనం ఏందో నాకు తెల్వదు సార్. ఒక్కొక్కరిది ఒక్కో తీరుగ ఉంటది. నాది మాత్రం నేను చెప్త. ఇప్పుడు మీరడగంగనే నేను ఊకున్న గద, అది నిస్సహాయత గాదు, ప్రతిఘటన గాదు. నేను ఆలోచిస్తున్న. మేము ఆలోచించుకునే లోపట్నే మా జవాబు ఇంకెవరో చెప్పేస్తరు. దవాఖానల గూడ గంతే. మీరు ప్రశ్న అడిగినంక జరసేపు ఆగున్రి. చెప్తరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మైకు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను, షరతులో చప్పట్ల మాట లేదు కాబట్టి.

బయట ఆడపిల్లలు ఆమెతో ఫొటోలు దిగారు. ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, మీరు కూడా రండి, మీరు లేకపోతే పూర్తి కాదు," అంది. అధ్యక్షురాలు వెళ్తూ వెళ్తూ నా చెయ్యి ఊపి, "మీ సహకారం మరిచిపోలేం," అన్నారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. అయినా థాంక్స్ చెప్పాను.

తిరుగు రైల్లో స్వరూప కిటికీ పక్కన కూర్చుంది.  భువనగిరి దాటాక ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని కంగారుపడి చూశాను. నవ్వుతోంది. కళ్ల వెంబడి నీళ్లు కారేలా నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చింది. ఎదుటి సీటాయన మా ఇద్దరినీ చూసి సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"కోపమొచ్చిందా?" అన్నాను, నవ్వు తగ్గాక.

"అప్పుడు వచ్చింది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎందుకు లేచినవ్ నువ్వు?"

"నువ్వు ఒక్కదానివే నిలబడిపోయినవ్ అనిపించింది."

"గంతేనా?"

"గంతే. ఒట్టు."

ఆమె నా మణికట్టు తీసుకుంది. ముద్దుగా పట్టుకుందనుకున్నాను. చూస్తే రెండు వేళ్లు పెట్టి నాడి చూస్తోంది. "ఇంక గట్లనే కొట్టుకుంటున్నది," అంది. "పొద్దటి సంది నాకంటే నీకే భయమెక్కువున్నట్టున్నది." నాడి చూడడం అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు. అట్లాగే పట్టుకుని నిద్రపోయింది. జమ్మికుంట వచ్చినా, పెద్దపల్లి వచ్చినా నేను చెయ్యి కదపలేదు. తిమ్మిరెక్కి అది నాదో కాదో తెలియకుండా పోయింది.

కాలేజీలో ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది మీ మిసెస్ పేరు మీద ఉందేంటండీ?"

"పేపరు ఆవిడదే సార్."

"మరి మీరేం చేశారు అక్కడ?"

"తోడు వెళ్లాను సార్."

ఆయన సర్టిఫికెట్‌ను ఇంకోసారి తిప్పి చూశారు. రెన్యూవల్ ఎట్లా అయిందో నాకిప్పటికీ తెలియదు. ఎండలు ముదిరేసరికి కొత్త మనిషి ఎవరూ దొరకలేదని రఫీక్ భాయ్ అంటాడు. ఏమైతేనేం, అయింది. కొన్నాళ్లకు ప్రిన్సిపాల్ గారు స్వరూపను కాలేజీకి పిలిచి ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పించాలనుకున్నారు. "మీ మిసెస్ వస్తారా సదానందం గారూ?" అన్నారు. నేను నోరు తెరిచాను. మూశాను. "ఆవిడ నంబర్ ఇస్తాను సార్, ఆవిడనే అడగండి," అన్నాను. మా ఇద్దరికీ మాటల్లేవని ఆయన స్టాఫ్‌రూంలో అందరికీ చెప్పారట.

ఇంత జరిగాక నాలాంటివాడు ఊరికే ఉండకూడదు. అందుచేత పాఠకుల సాక్షిగా ఈ కింది మాట ఇస్తున్నాను.

నేను, అనగా సదానందం, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. నా భార్యను ఎవరైనా ఏదైనా అడిగితే, అది కడుపునొప్పి గురించైనా, ప్రతిఘటన గురించైనా, కూరగాయల గురించైనా, నేను కిటికీలోంచి బయటికి చూస్తాను. ఆమె ఎంతసేపు ఆలోచించినా చూస్తూనే ఉంటాను. చూడడానికి ఏమీ లేకపోతే చిమ్నీలు లెక్కపెట్టుకుంటాను.

"ఎవరి బలవంతమూ లేకుండా" అన్న మాట తప్పకుండా ఉండాలని స్వరూప నా పక్కన నిలబడి రాయించింది.